మంకీ క్యాపుల శాంతియాత్ర

కొండల్లో శాంతి నూటికి నూట పది పాళ్ళు నెలకొందని పర్యాటక మంత్రిగారు కోల్‌కతాలో ప్రకటించారు. నూరు పాళ్ళ దాకా ఎవరైనా నెలకొల్పగలరు. ఆ పైన పదీ మంత్రిగారి సొంత ప్రతిభ.

భవానీపూర్‌లో ట్రావెల్స్ నడిపే రమణబాబు ఆ వార్త చదివి దణ్ణం పెట్టుకున్నాడు. మేఘ్‌డాంగా కొండమీద బాంబు పేలిన దగ్గర్నుంచి అతని పూజా సెలవుల బుకింగులన్నీ రద్దయ్యాయి. మిగిలింది టికియాపారా రైల్వే క్వార్టర్స్‌లో ఉండే సాల్మన్ రాజుగారి కుటుంబం ఒక్కటే. అదీ పోతే ఆఫీసుకు తాళం వేసి, ఓడరేవు డాక్‌లో బావమరిది చూసిపెట్టిన వాచ్‌మన్ ఉద్యోగంలో చేరాలని భార్య సత్యవేణి ఖరాఖండిగా చెప్పేసింది.

రమణబాబు మంత్రిగారి పార్టీలో తెలుగు విభాగానికి కన్వీనరు కూడా. అంటే సభలకు లారీల్లో తెలుగువాళ్ళను నింపే పదవి. అందుకే మంత్రిగారు పిలిపించారు.

"దాదా, శాంతి వచ్చేసింది. టూరిస్టులే రాలేదు. ఎల్లుండి టీవీవాళ్ళు వెళ్తున్నారు."

"ఎంతమంది కావాలి సార్?"

"ముప్పై. మొహాలు మాత్రం కనపడకూడదు. మీవాళ్ళు ప్రతి సభలోనూ టీవీలో పడ్డారు."

దానికీ దారి ఉంది. కొండెక్కే బెంగాలీ బాబు మంకీ క్యాపు లేనిదే గడప దాటడు. రమణబాబు హోల్‌సేల్‌లో నల్లవి కొన్నాడు. డాక్ కూలీ కూర్మయ్య ఒకటి తొడిగి చూసుకున్నాడు.

"ఊపిరాడదేటి బాబూ?"

"టూరిస్టులు ఊపిరి కోసం ఎల్తారేటి? ఫొటోల కోసం ఎల్తారు."

"నిజమోళ్ళు దొరక్క దొంగ టూరిస్టుల్ని తోలుకెల్తన్నావా?" అంది సత్యవేణి.

"ఈళ్ళని సూసి నిజమోళ్ళు వస్తారు" అన్నాడు రమణబాబు. ఆ మాట అతను నిజంగానే నమ్మాడు, పాపం.

మేఘ్‌డాంగా బజారులో కర్ఫ్యూ సడలించిన రెండు గంటల్లో మనవాళ్ళు క్యాపులు కళ్ళదాకా లాక్కుని టీ తాగారు. శాంతి కన్నులపండువగా ఉంది. అప్పుడు టీవీ కెమెరా ఇటు తిరిగింది. కెమెరా కనపడితే మనవాళ్ళ చెయ్యి లేవకుండా ఉండదు. ఇన్నేళ్ళ పార్టీ సేవ ఊరికే పోతుందా? కూర్మయ్య పిడికిలి బిగించి "జిందాబాద్" అన్నాడు. నల్ల ముసుగుల మీదుగా ముప్పై పిడికిళ్ళు లేచాయి. అలవాటు కొద్దీ రమణబాబుది కూడా లేచింది.

భద్రతా బలగాలు తమ పని తాము చేశాయి. బాష్పవాయువు తగ్గేసరికి అందరూ పోలీసు వ్యాన్‌లో ఉన్నారు. రమణబాబు ఫోను మోగింది. సాల్మన్ రాజు.

"బాబూ, అక్కడ ముసుగులేసుకున్నోళ్ళు దిగారని టీవీలో సూపిస్తన్నారు. మా ఇంటిది డోర్కాస్ బయపడతంది. మేం పూరీ ఎల్లిపోతాం, ఏటీ అనుకోకు."

"రాజుగారూ, ఆళ్ళు మనోళ్ళేనండి."

అవతల టీవీ కట్టేసిన చప్పుడైంది.

"మనోళ్ళయితే మరీ బయం బాబూ" అని ఆయన పెట్టేశాడు.

రమణబాబుకు ఏడుపొచ్చింది. గ్యాసు వల్లనని పక్కవాళ్ళకు చెప్పాడు.

మూడు రోజులకు లాకప్పులోంచి వదిలారు. ఆ మర్నాడు మంత్రిగారు మళ్ళీ ప్రకటించారు: మేఘ్‌డాంగాలో టూరిస్టుల బస సున్నా నుంచి ముప్పై ఒకటికి పెరిగింది, మూడు రోజులూ ఒక్కరు కూడా మధ్యలో తిరిగి వెళ్ళలేదు.

ఆ ప్రకటన పడ్డ పేపరును రమణబాబు డాక్ గేటు దగ్గర, కొత్త యూనిఫాంలో, స్టూలు మీద కూర్చుని చదివాడు. మూట మోసుకుంటూ కూర్మయ్య ఆగాడు.

"ఏటి రాసేరు బాబూ?"

"మనకక్కడ బాగా నచ్చిందట" అని రమణబాబు లేచి గేటు తీశాడు.