సింహాద్రి పెళ్లికార్డు, కనిపించని లైబ్రరీ

నిక్షేపంగా పనిచేస్తున్న కంప్యూటర్‌ను అప్‌గ్రేడ్ చేయించడం కంటే పుణ్యకార్యం లోకంలో మరొకటి లేదు! నమ్మరా? అయితే నర్సీపట్నంలో డీటీపీ సెంటర్ నడిపే కెజియా సంగతి వినండి.

అది 2002 వేసవి. ఏడేళ్లుగా ఊళ్లో శుభలేఖలూ, చర్చి కరపత్రాలూ ఆమె వేళ్ల మీదుగానే బయటికొస్తున్నాయి. కంప్యూటర్లు బాగుచేసే జోసఫ్ రాజు ఒక సోమవారం వచ్చి, "కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఏసేత్తానక్కా. రాకెట్టే!" అన్నాడు. వేసేశాడు.

స్క్రీన్‌కు కొత్త రంగులొచ్చాయి. తెలుగు టైపు సాఫ్ట్‌వేర్ మాత్రం తెరుచుకోలేదు. ఏదో డీఎల్ఎల్ ఫైలు, కంప్యూటర్ల వాళ్లు లైబ్రరీ అనేది, లేదని ఒక మెసేజ్. ఓకే నొక్కితే పోయింది. మళ్లీ తెరిస్తే మళ్లీ వచ్చింది. లేనిదాన్ని లేదని ఇంత నిజాయతీగా ఒప్పుకునేవాళ్లు ఈ కాలంలో ఎవరున్నారండీ?

సరిగ్గా అప్పుడే రావికమతం రైతు సింహాద్రి దిగాడు. నలభై రెండేళ్లకు పెళ్లి కుదిరింది. అంతకుముందు రెండు సంబంధాలు పీటలదాకా వచ్చి తప్పిపోయాయి. ఈసారి అచ్చయిన కార్డు కళ్లజూస్తే గాని నమ్మేది లేదన్నారు చుట్టాలు. ముహూర్తం ఆదివారం.

"కార్డు అవదండీ. సిస్టమ్‌లో లైబ్రరీ పోయింది," అన్నాడు జోసఫ్ రాజు.

"లైబ్రరీయా? అదెంతసేపు! బేగొచ్చేత్తాను," అంటూ సింహాద్రి సైకిలెక్కాడు.

అరగంటలో గ్రంథాలయం నుంచి లైబ్రేరియన్ మత్స్యలింగంగారిని వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు. ఆయన చంకలో రిజిస్టరు! ఆయన కళ్లజోడు సవరించుకుని, స్క్రీన్ మీది పేరును రిజిస్టరులో మొదటి పేజీ నుంచి చివరిదాకా వెతికి, "ఈ పేరుతో మా దగ్గర పుస్తకమేటీ పోనేదమ్మా," అని తేల్చారు.

కెజియాకు నవ్వాగలేదు. సింహాద్రి నవ్వలేదు.

"మూడోదీ తప్పిపోనాదంటారు జనం," అన్నాడు నేల చూస్తూ.

ఆమె తెల్లకాగితం లాక్కుంది. "చేత్తో రాసి జిరాక్స్ తీసేద్దాం, ఉండండి."

'శుభలే' దాకా రాసి ఆగిపోయింది. 'ఖ' ఏ కీలో ఉందో వేలికి తెలుసు. దాని వంపు ఎటు తిరుగుతుందో చేతికి గుర్తు రాలేదు. ఆమె తలెత్తలేకపోయింది. మత్స్యలింగంగారు పెన్ను అందుకుని, కార్డంతా ముత్యాల్లా రాసిచ్చారు. రెండు వందల జిరాక్సులు తీశారు. ఆదివారం పెళ్లయింది.

చూశారా అప్‌గ్రేడ్ మహిమ! వారం తిరక్కుండానే గ్రంథాలయంలో పాఠకుల కంటే పెళ్లివారు ఎక్కువయ్యారు. అందరికీ ఆ చేతిరాతే కావాలి! కెజియా ఖాళీ సెంటర్లో కూర్చుని, కాపీ పుస్తకంలో ఖ, ఖా, ఖి దిద్దుకుంది. ముప్పై నాలుగేళ్ల వయసులో అక్షరాభ్యాసం ఎంతమందికి దొరుకుతుంది?

పదో రోజున జోసఫ్ రాజు పాయకరావుపేట నుంచి ఆ ఫైలును ఫ్లాపీలో మోసుకొచ్చి ఎక్కించాడు. తెలుగు తెరుచుకుంది. చెమట తుడుచుకుంటూ అన్నాడు:

"వచ్చే నెల ఇంకో కొత్తదొత్తందక్కా. ఏసీమంటావా?"

"ఎయ్యి తమ్ముడూ, ఎయ్యి. పాతది పీకీముందు మాత్రం, దాన్ని నమ్ముకుని ఎవరు బతుకుతన్నారో ఒక్క మాటడుగు."