తుమ్మలకుంట గిటారు బాగుపడిన వైనం

తుమ్మలకుంట గ్రామస్తులకు, చుట్టుపక్కల గ్రామాల ప్రజలకు తెలియజేయునది ఏమనగా, మన ఊరి గిటారు ఇప్పుడు చక్కగా పలుకుతోంది. ఈ శుభవార్తను పంచాయతీ ఆఫీసు గోడకు అతికించారు. చదువు రానివాళ్ళ కోసం మైకులో రెండుసార్లు చెప్పారు. అది ఎందుకు చెడ్డగా పలికేది, ఎవరు బాగుచేశారు, దానివల్ల ఎవరికేం ఒరిగింది అన్న వివరాలకు గోడ చాలలేదు గనుక ఇక్కడ రాయవలసి వచ్చింది.

తుమ్మలకుంట బొంతపల్లికి నాలుగు కిలోమీటర్ల దూరం. ఊరికి ఆనుకొని నిర్మలధార లైఫ్ సైన్సెస్ వారి మందుల ఫ్యాక్టరీ ఉంది. తలనొప్పికి, కడుపునొప్పికి, చర్మవ్యాధులకు కావలసిన ముడిమందులు అక్కడ తయారవుతాయి. ఆ మూడు రోగాలూ ఊళ్ళోనే దొరకడం యాజమాన్యం దూరదృష్టికి నిదర్శనమని చెప్పాలి.

ఆ ఫ్యాక్టరీలో ప్రభాకర్ పదకొండేళ్ళుగా కాంట్రాక్టు ఎలక్ట్రీషియను. వచ్చే ఏడు పర్మనెంట్ చేస్తామని కంపెనీ అతనికి పదకొండుసార్లు మాట ఇచ్చింది, ఒక్కసారి కూడా మాట మార్చలేదు. ఫ్యాక్టరీ గోడ వెనక అతనికి రెండెకరాల పొలం, అందులో ఒక బోరు ఉన్నాయి. మూడేళ్ళ కిందట ఆ బోరు నీళ్ళు చాయ్ రంగుకు తిరిగాయి. వాటితో తడిపిన వరి మొదట పచ్చగా, తరువాత ఎర్రగా ఉండి, చివరికి ఏ రంగూ లేకుండా పోయింది. బర్రె ఆ నీళ్ళు వాసన చూసి మూతి తిప్పుకొని ఊరుకుంది. ప్రభాకర్ తల్లి మొగులమ్మ బర్రెలా ఊరుకునే మనిషి కాదు కాబట్టి అరవైమందితో వేలిముద్రలు వేయించి కంపెనీకి దరఖాస్తు పెట్టింది. బోరు నీళ్ళు ఖరాబైనాయి, మంచినీళ్ళు ఇప్పించండి అన్నది అందులోని సారాంశం.

కంపెనీ ప్రజల దరఖాస్తులను చెత్తబుట్టలో వేసే రకం కాదు. రెండు నెలల్లో సమాజ సంబంధాల మేనేజరు త్రినాథరావు గారు స్వయంగా ఊళ్ళోకి వచ్చి, దరఖాస్తుకు సమాధానంగా బడికి ఒక ఎలక్ట్రిక్ గిటారు బహూకరించారు. నీళ్ళ సంగతి ఏమైందని కొందరు అమాయకులు అడిగారు. కంపెనీ సేవా కార్యక్రమాల్లో నీళ్ళు నిరుటి అంశమని, నిరుడు నీటి ప్రాముఖ్యం మీద వ్యాసరచన పోటీ పెట్టి గెలిచినవాళ్ళకు ఖాళీ సీసాలు ఇచ్చి ఆ అంశాన్ని ముగించారని, ఈ ఏడు అంశం సంగీతమని ఆయన ఓపికగా వివరించారు. సర్పంచి చిన్నరాములు కొబ్బరికాయ కొట్టాడు. గిటారుకు కుంకుమబొట్టు పెట్టారు. వైరు తగిలించి స్విచ్చి వేయగానే, ఎవరూ తీగ ముట్టకుండానే అది గుయ్యిమని మోత మొదలుపెట్టింది. త్రినాథరావు గారు అదే పాట అనుకొని అయిపోయేదాకా నిలబడ్డారు. అది అయిపోలేదు. చివరికి చప్పట్లు కొట్టి వెళ్ళిపోయారు.

నిజానికి అది మార్కెట్లో దొరికే అన్నిటికన్నా చవకరకం గిటారు. తీగల మీద చెయ్యి ఆనిస్తే మోత తగ్గేది, చెయ్యి ఎత్తితే మళ్ళీ మొదలయ్యేది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారు. మా ఊళ్ళో మాత్రం లోపలా బయటా ఈగల మోతే అని జనం సర్దుకుపోయారు. అది ఆరు నెలలు బీరువాలో ఉంది, ఎప్పటికీ అలాగే ఉండిపోయేదే. కానీ ఇంతలో కంపెనీ రెండింతలు కావాలనుకుంది.

ఫ్యాక్టరీ పెరగాలంటే ప్రజాభిప్రాయ సేకరణ జరగాలని చట్టం. అంటే ఒక రోజు బడి మైదానంలో షామియానా వేస్తారు, అధికారులు వస్తారు, ప్రజలు తమ అభిప్రాయం చెప్తారు, తరువాత ఫ్యాక్టరీ పెరుగుతుంది. మధ్యలో బిర్యానీ ఉంటుంది. మొదట్లో సాంస్కృతిక కార్యక్రమం ఉంటుంది. కంపెనీ ఇచ్చిన గిటారును ఊరి బిడ్డ వాయిస్తుంటే అధికారులు కళ్ళారా చూడాలని త్రినాథరావు గారి సంకల్పం. అందుకు గిటారు సరిగ్గా పలకాలి. వెంటనే పదకొండుమందితో గిటారు శబ్ద నాణ్యతాభివృద్ధి కమిటీ ఏర్పాటైంది. నీళ్ళకు కమిటీ లేదని కొందరు చెవులు కొరుక్కున్నారు గానీ, ఊరికి అసలు ఒక కమిటీ అంటూ రావడమే గొప్ప అని సర్పంచి వాళ్ళ నోరు మూయించాడు.

కమిటీ అహోరాత్రాలు శ్రమించింది. శబ్దం చిన్నది కావడమే లోపమని సర్పంచి చెప్పగా, డీజే బాక్సులు నాలుగు తెప్పించారు. మోత నాలుగింతలై గుమ్మడిదల దాకా వినిపించింది. ఇది పురోగతి అని రాసుకున్నారు. తరువాత పెయింటింగు విభాగం వారు గిటారుకు కంపెనీ రంగులైన నీలం, ఆకుపచ్చ వేశారు. మందులు తయారయ్యే రియాక్టర్లకు వేసే పెయింటు కావడం వల్ల గిటారుకు ఇక యాసిడ్ వల్ల ప్రమాదం లేదు. నాణ్యత విభాగం వారు దానికి ఆస్తి సంఖ్య చెక్కిన ఇత్తడిబిళ్ళ ఒకటి బిగించారు. వాయించినప్పుడల్లా ఆ బిళ్ళ టకటకలాడేది. టకటకను సరిచేయడానికి ఉపసంఘం వేశారు. నగరం నుంచి ఒక నిపుణుడు వచ్చి, కళ్ళు మూసుకొని గంటసేపు విని, భోంచేసి, ఇరవై పేజీల నివేదిక ఇచ్చాడు. శబ్దం బాగాలేదు అని అందులో తేలింది.

ఆరు తీగలూ తుప్పుపట్టాయన్న సంగతి పదకొండుమందిలో ఎవరికీ తట్టలేదు. ఎందుకంటే వాళ్ళలో ఎవరికీ గిటారు వాయించడం రాదు. అది వచ్చినవాణ్ణి కమిటీలో వేస్తే పక్షపాతం అవుతుందని ముందే జాగ్రత్తపడ్డారు.

గిటారు వాయించడం వచ్చినవాడు ప్రభాకర్. పటాన్‌చెరులో పెళ్ళిళ్ళకు వాయించే ఆర్కెస్ట్రాలో ఆరేళ్ళు పనిచేశాడు. డీజేలు వచ్చి ఆర్కెస్ట్రాను మింగేశాక స్క్రూడ్రైవరు పట్టాడు. త్రినాథరావు గారు అతన్ని తన గదికి పిలిపించి కుర్చీ కూడా చూపించారు. కూర్చోమనలేదు.

“చూడు ప్రభాకర్, ఇది మన కంపెనీ కుటుంబ గౌరవానికి సంబంధించిన విషయం. గిటారు బాగా పలికిందనుకో, నీ పర్మనెంట్ ఫైలు ఈసారి నేనే స్వయంగా పైకి పట్టుకెళ్తాను.”

ఇంట్లో ఈ సంగతి విని మొగులమ్మ చేతిలోని చేట పక్కన పెట్టింది. తరువాత అంది, “బాగుచెయ్ బిడ్డా, నేను వద్దంటలే. గని ఆ దినం ఆఫీసర్ల ముంగట మన బోరు సంగతి జెర చెప్పు. నేను చెప్తే ముసల్ది మొత్తుకుంటుందంటరు. నువ్వు ఫ్యాక్టరీలోపట పని చేసెటోనివి, నీ మాట ఇంటరు.”

“చెప్తనే అమ్మా. పాట అయినంక మైకు నా చేతులనే ఉంటది గదా.”

“నేను రెండు బిందెలు బోరు నీళ్ళు తెస్త. చెప్పుడు గాదు, సూపిద్దాం.”

ఆ రోజు మాట్లాడేవాళ్ళ జాబితాలో ప్రభాకర్ పేరు ఏడోది. రాయించేముందు రెండుసార్లు త్రినాథరావు గారి గది వైపు చూసిన మాట నిజం. అయినా రాయించాడు.

ఇక గిటారు పని. కమిటీ నాలుగు నెలల్లో చేయలేనిది అతను రెండు సాయంత్రాల్లో చేశాడు. తుప్పుతీగలు పీకేసి కొత్తవి కట్టాడు. మెడ కొద్దిగా వంగితే లోపలి మరను సరిపడా బిగించి సరిచేశాడు. ఇత్తడిబిళ్ళను ఊడదీసి ఆస్తిగా విడిగా భద్రపరిచాడు. పొట్ట విప్పి చూస్తే తీగల నుంచి రావలసిన ఎర్తు వైరును అతకకుండా గాలికి వదిలేశారు. దాన్ని అతికాడు. చుట్టుపక్కల కరెంటు మోత లోపలికి దూరకుండా, ప్యాకింగు హాల్లో పారేసిన మాత్రల రేకు తెచ్చి పొట్టలోపల అంతా అంటించాడు. అప్పటిదాకా కంపెనీ సరుకు ఊరికి పనికొచ్చింది అక్కడ ఒక్కచోటే. గిటారు గొంతు విప్పింది. మీటితే ఒక్కో స్వరం విడివిడిగా పలికింది.

ఇంకా కొద్దిగా మోత మిగిలే ఉంది. అది గిటారుది కాదు, బడిది. బడి ఎర్తు గుంత ఎండిపోయింది. కరెంటు నేలలోకి దిగాలంటే ఎర్తు గుంత తడిగా ఉండాలి. ఫ్యాక్టరీలో అలాంటి గుంతలు నూటపన్నెండు ఉన్నాయి. ఒక్కోదానికి ఒక నంబరు, ఒక మూత, ఒక పసుపు గీత. వాటికి వారానికోసారి ట్యాంకరుతో మంచినీళ్ళు పోయించడం ప్రభాకర్ డ్యూటీలో భాగం. ఊళ్ళోకి ట్యాంకరు పది రోజులకోసారి వస్తుంది. గుంతల దాహం రిజిస్టర్లో ఎక్కుతుంది, మనుషుల దాహం ఎక్కదు. తనిఖీకి వచ్చేవాళ్ళు రిజిస్టర్ చూస్తారు కాబట్టి ఇందులో తప్పుపట్టడానికేమీ లేదు.

అభిప్రాయ సేకరణ రోజు రానే వచ్చింది. షామియానా కింద నాలుగొందల కుర్చీలు, వేదిక మీద పూలకుండీలు. గిటారును డీజే బాక్సులకు తగిలించగానే ఆ మిగిలిన కొద్దిపాటి మోత నాలుగింతలై లేచింది. గేటు దగ్గర అధికారి కారు ఆగింది. త్రినాథరావు గారు పరుగున వచ్చారు.

“ప్రభాకర్, ఏమిటిది? రెండు నిమిషాల్లో ఆగాలి. నీ ఫైలు నా బ్యాగులోనే ఉంది.”

“ఎర్తు గుంతల నీళ్ళు పొయ్యాలె సార్. బడి ట్యాంకుల చుక్క లేదు.”

“అక్కడ రెండు బిందెలు కనిపిస్తున్నాయి కదా?”

కనిపిస్తున్నాయి. షామియానా గుంజ పక్కన మొగులమ్మ పొద్దున్నే రెండు కిలోమీటర్లు మోసుకొచ్చి పెట్టుకున్న రెండు బిందెలు. ఆమె పక్కనే కూర్చొని కొంగుతో వాటి మీద ఈగలు తోలుతోంది. ప్రభాకర్ ఒకసారి బ్యాగు వైపు చూశాడు. ఒకసారి బిందెల వైపు చూశాడు. అతనికి నిజంగా సిగ్గేసింది. సిగ్గు సంగతి తరువాత చూసుకోవచ్చు, ముందు పని కానీ అనుకున్నాడు. పదకొండేళ్ళుగా అతను నేర్చుకున్న విద్య అదే.

రెండు బిందెలూ గుంతలో గుమ్మరించాడు. మోత టక్కున ఆగిపోయింది. మామూలు నీళ్ళయితే అంత పని చేసేవి కావు. ఆ నీళ్ళలో ఉన్న ఉప్పులూ లోహాలూ కరెంటును దగ్గరుండి నేలలోకి దింపాయి.

మొగులమ్మ లేచి గుంతలోకి తొంగిచూసింది. “సాక్షిని తెచ్చి నీ చేతులల్ల పెడ్తే గుంతల పోస్తివారా బిడ్డా,” అంది. తిట్టలేదు. ఖాళీ బిందెలు ఒకదాని మీద ఒకటి నెత్తికెత్తుకొని మళ్ళీ పొలం దారి పట్టింది. “నేను వచ్చెదాంక జెర ఆపు,” అని వెళ్తూ వెళ్తూ చెప్పింది.

మోత ఎలా పోయిందని త్రినాథరావు గారు అడిగితే ప్రభాకర్ దాపరికం లేకుండా చెప్పాడు. “మా బోరు నీళ్ళు సార్. మందు కలిసింది గదా, కరెంటు మంచిగ పడ్తది.” ఆయన ఆ మాటను శ్రద్ధగా విని, వేదికెక్కి మైకు అందుకున్నారు.

“గౌరవనీయులైన అధికారులారా, ప్రియమైన నా గ్రామ కుటుంబమా. ఈ నేలలో సంగీతం ఉంది. ఈ ఊరి భూగర్భ జలాలకు విద్యుత్తును ఇముడ్చుకొనే అపురూపమైన శక్తి ఉందని ఈ ఉదయమే మా సాంకేతిక సిబ్బంది నిరూపించారు. ఇలాంటి నీరు దేశంలో మరెక్కడా లేదని సగర్వంగా మనవి చేస్తున్నాను. మా సంస్థ పక్కనే ఉండటం వల్లనే ఇది సాధ్యమైంది.”

చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా సర్పంచి కొట్టాడు, ఆ నీళ్ళు తాగడు గనుక అతని చేతుల్లో బలం ఉంది.

ప్రభాకర్ వాయించడం మొదలుపెట్టాడు. ఊళ్ళో ఆడవాళ్ళు బతుకమ్మ దగ్గర పాడే బాణీ ఒకటి ఎత్తుకున్నాడు. బాగా వాయించాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కొందరు ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అధికారి గడియారం చూసుకొని, ఒక్కొక్కరూ మాట్లాడటానికి సమయం లేదు కాబట్టి పాట సాగుతుండగానే అభ్యంతరం ఉన్నవాళ్ళు చేతులెత్తాలని ప్రకటించాడు.

అప్పటికే బిర్యానీ పంచుతున్నారు. జనం చేతుల్లో ప్లేట్లు ఉన్నాయి. ప్లేట్లు లేనివాళ్ళ చేతుల్లో పాటను వీడియో తీస్తున్న ఫోన్లు ఉన్నాయి. సర్పంచి చేతులు అధికారికి నమస్కరిస్తున్నాయి. ఖాళీగా ఉన్న చెయ్యి ఒక్కటీ లేదు.

ప్రభాకర్ తీగల మీది నుంచి కుడిచెయ్యి ఎత్తాడు. ఎత్తాడు అన్నది నిజం, వీడియోల్లో కూడా ఉంది. చెవి దాకా లేచింది ఆ చెయ్యి. మునుపైతే చెయ్యి ఎత్తగానే గుయ్యిమనేది, ఎవరేం అన్నా వినిపించేది కాదు. ఇప్పుడు గుండుసూది పడ్డా వినపడేంత నిశ్శబ్దం. ఎదురుగా మైకు ఉంది, నాలుగొందల మంది అతని వైపే చూస్తున్నారు. ఒక్క మాట చాలు. నోరు తెరిచాడు.

పాట అయిపోయిందనుకొని త్రినాథరావు గారు చప్పట్లు మొదలుపెట్టారు. షామియానా మొత్తం అందుకుంది. లేచిన చెయ్యి గాలిలో కాస్త తడబడి, రెండో చేతిని వెతుక్కొని, నమస్కారమై కిందికి దిగింది.

అధికారి రాసుకున్న నివేదికలో ఇలా ఉంది: వచ్చిన అభ్యంతరములు ఒకటి. గిటారు నుంచి అవాంఛనీయ శబ్దము. సదరు అభ్యంతరము గ్రామస్తుల సహకారముతో స్థానిక జలవనరులను వినియోగించి అక్కడికక్కడే పరిష్కరించబడినది.

మొగులమ్మ నిండు బిందెలతో తిరిగి వచ్చేసరికి షామియానా విప్పుతున్నారు. కొడుకు గిటారుకు గుడ్డ చుడుతూ ఆమె వైపు చూడలేదు. బిందెలు దించడానికి ఒక్కరూ చెయ్యి వేయలేదు. “ఆడ గుంతల పొయ్యమ్మా, సార్ చెప్పిండు,” అన్నాడు ఫ్యాక్టరీ వాచ్‌మన్. ఆ బోరును కంపెనీ నూటపన్నెండు గుంతల కోసం తీసుకుంటుందని, అందుకు ఇన్‌చార్జిగా ప్రభాకర్‌ను నియమిస్తూ ఫైలు పైకి వెళ్ళిందని కూడా ఆ వాచ్‌మనే చెప్పాడు. ఇన్‌చార్జి పోస్టు కాంట్రాక్టుదే.

ఇప్పుడు తుమ్మలకుంటకు ఎవరొచ్చినా ముందు అడిగేది గిటారు గురించే. ఫోన్లలో ఆ పాట చూసి బొంతపల్లి నుంచి, ఇస్నాపూర్ నుంచి జనం వస్తున్నారు. గిటారు బాగైందటగా అంటారు, అయింది అంటాం. అంతటితో సంతోషించి వెళ్ళిపోతారు. వాళ్ళను ఏమనుకొని లాభం లేదు. గిటారు చివరికి ఎలా పలికిందో తెలుసుకుందామనే కదా మనం కూడా ఇంతదాకా చదువుకుంటూ వచ్చాం. మొగులమ్మ మాత్రం బిందెలు నెత్తిన పెట్టుకొని బడి గేటు దగ్గర ఇంకా నిలబడే ఉంది.