రెండు మార్కుల వాన

నల్లగుట్లపల్లి హైస్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలు ఇంగ్లీషు పరీక్షలో ఏ వాతావరణం గురించి వాక్యం రాస్తే, మాస్టారు ఎర్ర సిరాతో టిక్కు కొట్టిన మరుక్షణం ఆ వాక్యంలో చెప్పిన చోట ఆ వాతావరణం ఏర్పడుతుంది. ఇదేమీ వింత కాదు. ఆ బడికి ప్రహరీగోడ లేకపోవడం ఎంత మామూలో ఇదీ అంతే. గోడ సంగతే ఎవరూ పట్టించుకోనప్పుడు వాన సంగతి ఎవరికి పట్టింది.

ప్రశ్న ఏటా ఒకటే. ‘కింది పదాన్ని సొంత వాక్యంలో ప్రయోగించండి’, రెండు మార్కులు. పిల్లలకు అవసరమైన సొంత వాక్యాలన్నీ గైడులో ఉన్నాయి. ‘రైనీ’ అనే మాట ఇస్తే ‘చిరపుంజి ఈజ్ ఎ రైనీ ప్లేస్’ అని రాయాలి. ‘కూల్’ అంటే ఊటీ, ‘ఫాగీ’ అంటే లండను. అందుకే నల్లగుట్లపల్లి పిల్లల పేపర్లు దిద్దే వారమల్లా చిరపుంజిలో కుండపోత. ఒక్క ‘హాట్’ దగ్గర మాత్రం గైడు రాసినాయన ఊరి పేరు వెయ్యడం మరిచిపోయాడు. ‘టుడే ఈజ్ ఎ హాట్ డే’ అని ఊరుకున్నాడు. ఊరూ పేరూ లేని ఎండ ఎక్కడికని పోతుంది? బడి చుట్టుపక్కలే పడి ఉంటుంది.

ఇంగ్లీషు మాస్టారు హంపన్న ఈ సంగతిని మార్చాలని ఉద్యోగంలో చేరిన కొత్తలో చాలా అవస్థ పడ్డాడు. తానే బోర్డు మీద నల్లగుట్లపల్లి పేరు పెట్టి వాక్యం రాసి చూశాడు. మాస్టారి వాక్యానికి మార్కులుండవు కాబట్టి చుక్క రాలలేదు. తెలుగు పరీక్షలో పిల్లలు ‘వర్షాకాలం’ మీద మూడేసి పేజీల వ్యాసం రాసినా మబ్బు పట్టలేదు, తెలుగుకు ఆ పలుకుబడి ఎప్పుడో పోయింది. చివరికి, మీ ఊరి పేరే పెట్టి రాయండని పిల్లల్ని బతిమాలాడు. వాళ్ళు బుద్ధిగా తలలూపి, పరీక్షలో చిరపుంజే రాశారు. వాళ్ళ తప్పేముంది, బట్టీ పట్టింది అదే. ఆ తర్వాత హంపన్న కూడా ఊరుకున్నాడు. మనిషి ఎన్నాళ్ళని గోడకు తల బాదుకుంటాడు.

ఈ ఏడు వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. ఒక్క పదును వాన పడితే పంట చేతికొస్తుంది, పడకపోతే మేకలకు వదిలెయ్యాలి. బడి కిటికీలోంచి చూస్తే ఎదురుగా గంగులమ్మ నాలుగెకరాలు కనిపిస్తాయి. ఆకు ముడుచుకుపోయి ఉంది. గంగులమ్మ మొగుడు బెంగళూరులో కట్టడాల పనికి పోయాడు. ఆవిడే చేను చూసుకుంటుంది. ఆవిడ కూతురు చౌడేశ్వరి తొమ్మిదో తరగతి.

ఆ రోజు మధ్యాహ్నం హంపన్న స్టాఫ్ రూములో యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుతున్నాడు. చిరపుంజి, టిక్కు. చిరపుంజి, టిక్కు. చెయ్యి దానంతటదే పోతోంది. చౌడేశ్వరి పేపరు దగ్గర చెయ్యి ఆగింది. ‘టుడే మై మదర్స్ ఫీల్డ్ ఈజ్ రైనీ’ అని ఉంది. ఈరోజు మా అమ్మ చేలో వాన కురుస్తోంది అని దాని అర్థం. ఇంత సర్వీసులో ఇలాంటి వాక్యం ఆయన చూడలేదు. సంతోషించాలో కంగారు పడాలో తెలియక పిల్లను పిలిపించాడు.

“గైడు చూడలేదేమ్మా?”

“చూసినా సార్.”

“మరి?”

“సొంత వాక్యం అని ఉండాది కదా సార్.”

హంపన్న ప్రశ్నను మళ్ళీ ఒకసారి చదువుకున్నాడు. ఆ అమ్మాయిని క్లాసుకు పంపి, పేపరు మీద టిక్కు కొట్టి రెండు మార్కులు వేశాడు. కిటికీ అవతల గంగులమ్మ నాలుగెకరాల మీద మబ్బు కమ్మి, వాన దిగింది. పక్క చేను మీద చినుకైనా పడలేదు. ఆ చేను రైతులు గట్టు మీద నిలబడి చూస్తున్నారు. మన పిల్లోళ్ళు కూడా తొమ్మిదిలో ఉంటే బాగుండేదని అనుకుంటున్నారు. హంపన్న లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఆయన నిజంగా సంతోషపడ్డాడు, చాలా ఏళ్ళ తర్వాత.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. హెడ్మిస్ట్రెస్ సరోజినీబాయి లోపలికొచ్చి, కిటికీలోంచి వానను చూసి, బల్ల మీది పేపరు తీసుకుంది.

“ఏమప్పా హంపన్నా, ఇది ఆన్సర్ కీలో ఉందా?”

“లేదు మేడం. సొంత వాక్యం కదా అని…”

“సొంత వాక్యం అంటే గైడులో ఉండేదే కదప్పా. రేపు పెద్ద పరీక్షలో దిద్దేవాళ్ళు ఎవరో ఏమో. వాళ్ళకు ఈ పిల్ల ఎవరు, వాళ్ళమ్మ ఎవరు, ఆ చేను ఎవరిది?”

ఆవిడ చెడ్డదేం కాదు. రిటైరు కావడానికి దగ్గరపడ్డ మనిషి, ఎవరితోనూ మాట పడకుండా పోవాలనుకుంటుంది. ఇప్పటికి ఒక మార్కు తగ్గించమంది. హంపన్న తగ్గించాడు. అవతల వాన సగానికి తగ్గి తుంపరయింది. ఈ ఒక్క మార్కయినా సాయంత్రం దాకా ఉండనివ్వండి మేడం, వేళ్ళు తడుస్తాయి అని అడిగాడు. ఆవిడ కిటికీ వైపు చూసి నిట్టూర్చింది. పేపరు మీద తల్లి సంతకం పడేదాకా ఉండనిద్దామని చెప్పి, గంగులమ్మకు కబురంపింది.

గంగులమ్మ చేలోంచి నేరుగా వచ్చింది. మోకాళ్ళ దాకా బురద, తలమీంచి నీళ్ళు కారుతున్నాయి. గుమ్మంలో చెప్పులు విడిచి, కొంగుతో చేతులు తుడుచుకుని పేపరు అందుకుంది. ఆవిడకు చదువు రాదు గానీ అంకెలు తెలుసు.

“ఏమి సార్, మా పాపకి ఒగటే మార్కేసినారు?”

“పాప రాసింది గైడులో లేదమ్మా. కానీ తప్పు కాదు. దాని వల్లే మీ చేలో వాన పడుతోంది, చూడు.”

“చూసినా సార్. నేనిప్పుడు ఆడ నుంచే కదా వస్తాండేది.” ఆవిడ పేపరు తడవకుండా దూరంగా పట్టుకుంది. “అందరికీ రెండు పడినాయంట. దీనికి ఒగటి యాల తగ్గల్ల?”

“రెండు కావాలంటే ఆ వాక్యం కొట్టేసి చిరపుంజి అని రాయాలి. అప్పుడు ఇక్కడ వాన ఆగిపోతుంది. ఇంకొక్క గంట ఓర్చుకుంటే పంట నిలబడుతుంది గంగులమ్మా. నా మాట విను.”

గంగులమ్మ కిటికీలోంచి తన చేను చూసింది. ముడుచుకున్న ఆకు విచ్చుకుంటోంది.

“వానను నమ్ముకోనే కదా సార్ మేమిట్లుండాము,” అంది. “దాన్ని పిలిపించండి. దిద్దుకుంటాది.”

చౌడేశ్వరి వచ్చి తల్లిని చూసింది. బల్ల పక్కన నిలబడి తన వాక్యం మీద అడ్డంగా గీత కొట్టి, కింద గుండ్రటి అక్షరాలతో గైడు వాక్యం రాసింది. ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు. హంపన్న టిక్కు కొట్టి రెండు మార్కులు వేశాడు. బయట తుంపర ఆగింది. మబ్బు విడిపోయి ఎండ కాసింది.

గంగులమ్మ మొహం తేటపడింది. వేలిముద్ర వేసి, కూతురి తల నిమిరి, హంపన్నకు దండం పెట్టింది. “ఇంగెప్పుడూ అది సొంతంగా రాయదు సార్. ఇంట్లో నేను చూసుకుంటా,” అంది. మంచిదమ్మా అన్నాడు హంపన్న. పిల్ల క్లాసుకూ, తల్లి చేనుకూ వెళ్ళిపోయారు.

హెడ్మిస్ట్రెస్‌కు కొట్టేసిన ఆ వాక్యం పేపరు మీద కనిపించడం మంచిది కాదనిపించి, ఆ పేజీ చించి, చౌడేశ్వరి చేత ఇంకో కాగితం మీద శుభ్రంగా రాయించి తెప్పించుకుంది. దాన్ని కట్టలో కలిపేసింది. సాయంత్రం హంపన్న ఆ పిల్ల పేపరు మరోసారి చూద్దామని కట్ట విప్పాడు. పై నుంచి కింది దాకా తిరగేశాడు. అన్నిటిలోనూ ఒకటే వాక్యం, అందరిదీ గుండ్రటి దస్తూరీయే, అది బళ్ళో నేర్పిందే. పేర్లు చదివితే తప్ప ఆమెది ఏదో ఆయన గుర్తుపట్టలేకపోయాడు. పేర్లు చదివే ఓపిక లేక కట్ట మళ్ళీ కట్టేశాడు.