ట్రౌట్ చేప సిఫారసు

న్యూజిలాండ్‌లో ఉద్యోగం వెతుక్కుంటున్న తెలుగువారందరికీ నా సలహా ఒక్కటే. డిగ్రీలు పక్కన పెట్టండి. ఒక గాలం కొనుక్కోండి.

నవ్వకండి. నేను డునెడిన్‌లో చాలాకాలంగా ఉంటున్నవాణ్ణి. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. పైకి కనబడనిది చూడడమే నా వృత్తి. అదే చూపుతో ఈ దేశాన్ని కూడా పరీక్షించాను. లోపల ఒక సరస్సు, సరస్సులో ఒక పడవ, పడవలో గాలాలు పట్టుకున్న ఇద్దరు మనుషులు కనిపించారు. ఎవరికి ఏ ఉద్యోగమివ్వాలో ఆ ఇద్దరే మాట్లాడుకుంటున్నారు.

"లోకల్ ఎక్స్‌పీరియన్స్ లేదని ఉద్యోగం ఇవ్వట్లేదండీ" అని మనవాళ్లు నా దగ్గరకొచ్చి ఏడుస్తుంటారు. ఎంత అమాయకత్వం! అది శాపం కాదు, వరం. ఉద్యోగం చేస్తే గాని అనుభవం రాదు, అనుభవం ఉంటే గాని ఉద్యోగం రాదు. ఇంత పటిష్ఠమైన తర్కం ఇంకెక్కడైనా ఉందా? ఈ రెండింటి మధ్యా మనిషికి బోలెడంత తీరిక దొరుకుతుంది. ఆ తీరికలో చేపలు పట్టుకోమనే కదా ఇన్ని సరస్సులున్నాయి?

నమ్మకం కుదరకపోతే హిమజ సంగతి వినండి. మొన్న మొన్నటి మాటే, 2015లో జరిగింది.

హిమజది కర్నూలు. సివిల్ ఇంజనీరు. అక్కడ నీటిపారుదల శాఖలో రిజర్వాయర్ గేట్ల నిర్వహణ చూసేది. వరదొచ్చిన రోజున డ్యామ్ మీద వానలో నిలబడి, ఏ గేటు ఎంత ఎత్తాలో చెప్పిన మనిషి. భర్త మహేంద్రకు ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రావడంతో సెలవు పెట్టి వెంట వచ్చింది. వచ్చాక సూపర్‌మార్కెట్‌లో కూరగాయలు సర్దుతోంది. ఎంత ప్రమోషనో ఆలోచించండి. వరద నీళ్లు మాట వినవు. ఉల్లిపాయలు వింటాయి.

ఊళ్లో ఒక ఇంజనీరింగ్ కంపెనీ ఉంది. పేరు మనకెందుకు? డ్యాములు గట్టిగా ఉన్నాయో లేదో పరీక్షించడం దాని పని. హిమజ అక్కడ రెండుసార్లు అప్లై చేసింది. మొదటిసారి లోకల్ ఎక్స్‌పీరియన్స్ లేదన్నారు. రెండోసారి ఇంటర్వ్యూకి పిలిచారు. గేట్ల గురించి పైపైన ఏదో అడిగి, అసలు ప్రశ్నకు వచ్చారు. వీకెండ్స్‌లో ఏం చేస్తుంటారు?

"వారం బట్టలు ఉతుక్కుంటాను. తర్వాత మీ డ్యామ్ సేఫ్టీ నియమాలు చదువుకుంటాను" అని చెప్పిందట పిచ్చిపిల్ల.

మీరు మా టీమ్‌లో ఇమడలేరేమోనని ఈమెయిల్ వచ్చింది.

ఆ వారం వాళ్లింటికి వెళ్లాను. హిమజ నాకు కాఫీ ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది. మహేంద్ర గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. కర్నూలులో ఆమె సెలవు క్రిస్మస్‌తో అయిపోతుంది. ఈలోగా వెళ్లి చేరకపోతే ఆ ఉద్యోగమూ ఉండదు.

"పోతానంటాంది అంకుల్. నన్నిక్కడే ఉండమంటాంది. నేనేం చెప్పేది? ఉండమని చెప్తే ఉల్లిగడ్డలు సర్దుకుంటా ఉండమని చెప్పినట్లే కదా."

పెద్దవాణ్ణి, చూస్తూ ఊరుకోగలనా? హిమజను పిలిచాను.

"అమ్మా, లోపం నీ చదువులో లేదు. నీ వీకెండ్‌లో ఉంది. చేపలు పట్టడం నేర్చుకో" అన్నాను.

"మేం చేపలు తినం అంకుల్."

"తినమని ఎవరన్నారు? పట్టమన్నాను. ఇక్కడ పెద్దమనుషులు చాలామంది పట్టి, ఫోటో దిగి, మళ్లీ నీళ్లలోనే వదిలేస్తారు."

"మళ్ల వదిలేసేదానికి పట్టేదేంటికి?"

చూశారా? ఇలాంటి ప్రశ్నలు వేసేవాళ్లకు ఉద్యోగం ఎలా వస్తుంది?

కాని మహేంద్ర, "పోదాం హిమా. నువ్వు ఇల్లు కదిలి ఎన్ని దినాలైంది" అన్నాడు. నా సలహా మీద గౌరవంతో కాదు, భర్త మొహం చూసి ఆమె సరేనంది.

చేపలు పట్టే లైసెన్సులు తీసుకుని, అక్టోబరులో ఒక శనివారం పొద్దున్నే ముగ్గురం బయలుదేరాం. ఇక్కడ అక్టోబరు అంటే వసంతం. ఆ సంగతి క్యాలెండరుకు తప్ప ఎవరికీ తెలియదు. సముద్రం పక్కనే ఒమరూ దాకా వెళ్లి, అక్కడ లోపలికి మళ్లి, వైటాకి నది వెంట బెన్‌మోర్ డ్యామ్ చేరాం. ఆ డ్యామ్ వెనక పెద్ద సరస్సు. చుట్టూ ఎండిపోయిన గోధుమ రంగు కొండలు. వానంతా పడమటి కొండల మీదే కురిసేస్తుంది, ఇటు వచ్చేసరికి ఒట్టి గాలే మిగులుతుంది.

హిమజ కారు అద్దం దించింది. "మా పక్క ఉన్నట్లే ఉంది అంకుల్. వెనకాల ఆ మంచు ఒక్కటి తుడిచేస్తే కర్నూలే."

డ్యామ్ దగ్గర కారు ఆపమంది. దిగి, రెయిలింగ్ పట్టుకుని, గేట్ల వైపు చూస్తూ నిలబడింది. పుట్టింటివాళ్లను దూరం నుంచి చూసినట్టు చూసింది. నాకు భయం వేసింది.

"అటు చూడకమ్మా. నీళ్ల వైపు చూడు. డ్యామ్ వైపు చూసేవాళ్లకు డ్యామ్ ఉద్యోగం ఇవ్వరు" అన్నాను.

సీజన్ మొదట్లో చేపలు పట్టడంలో ఒక సౌఖ్యం ఉంది. చేపలు పడవు. కరిగిన మంచు నీళ్లు కదా, అవి ఎక్కడో అడుగున ముడుచుకుని ఉంటాయి. కాబట్టి మనం చేయవలసిందల్లా ఒడ్డున వణుకుతూ నిలబడడమే. నేను ఇన్నేళ్లలో ఒక్క చేపనూ పట్టలేదు. అయినా మా డిపార్ట్‌మెంట్‌లో నేనంటే ఎంత గౌరవమో. సోమవారం పొద్దున్న "ఏమైనా పడిందా?" అని అడుగుతారు, "లేదు" అంటాను, భుజం తట్టి వెళ్తారు. కివీలకు, అంటే ఈ దేశపువాళ్లకు, ఇంతకు మించిన సంభాషణ అక్కర్లేదు.

ఆ పొద్దున్న మహేంద్ర గాలం మొదట తుప్పకు తగులుకుంది. తర్వాత నా టోపీకి తగులుకుంది. హిమజ మాత్రం విసురుతూ, చుడుతూ, మళ్లీ విసురుతూ ఉంది. ఆమె చేతి వేళ్లు నీలంగా మారాయి.

కొంచెం దూరంలో ఒక పెద్దాయన చిన్న అల్యూమినియం పడవ పక్కన కూర్చుని ఫ్లాస్కులో టీ తాగుతూ మమ్మల్ని చూస్తున్నాడు. పేరు గ్రాహం, గొర్రెల ఫామ్ కొడుక్కి అప్పజెప్పి విశ్రాంతి తీసుకుంటున్నాడని తర్వాత తెలిసింది.

"చాలా ముందుగా వచ్చారు. నీళ్లు కాస్త వేడెక్కాక రావాలి" అన్నాడు.

"మరి మీరెందుకొచ్చారు?" అని హిమజ అడిగింది.

"ఇంట్లో ఉంటే మా ఆవిడ గోడలకు రంగు వేయమంటుంది."

హిమజ నవ్వింది. చాలా రోజుల తర్వాత అనుకుంటాను, ఎందుకంటే మహేంద్ర చటుక్కున తల తిప్పి చూశాడు.

ఆ నవ్వుకో, ఆ నీలం వేళ్లకో, గ్రాహం మనసు కరిగింది. పడవలో ఇద్దరికి చోటుంది రమ్మన్నాడు. మహేంద్రకు పడవలంటే పడదు. నేనూ హిమజా లైఫ్ జాకెట్లు తొడుక్కుని ఎక్కాం. ఒక ఏరు వచ్చి సరస్సులో కలిసేచోట ఇంజన్ ఆపాడు.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత హిమజ చేతిలోని రాడ్ వంగిపోయింది.

"లాగొద్దు. వెళ్లనివ్వు. అది అలిసినప్పుడు చుట్టు" అన్నాడు గ్రాహం.

నేను సలహాలివ్వబోయాను. హిమజ వినిపించుకోలేదు. పెదవి కొరుక్కుని, దారం వదులుతూ, చుడుతూ, నీళ్లతోనే మాట్లాడుతున్నట్టుగా ఉంది. "గేటు దించేటప్పుడు గుడక ఇంతే అంకుల్. తొందరపడితే అయిపోయినట్లే" అంది నా వైపు చూడకుండానే.

గ్రాహం వల కింద పెట్టి ఎత్తాడు. బ్రౌన్ ట్రౌట్. బంగారు రంగు ఒళ్లు, దాని మీద ఎర్ర చుక్కలు. హిమజ చేతులు తడిపి దాన్ని పట్టుకుంది. నా జీవితాశయం నెరవేరే క్షణం. ఈ ఫోటో ఒక్కటి లింక్డ్‌ఇన్‌లో పెడితే ఏ కంపెనీ కాదంటుంది? చేతి తొడుగు పళ్లతో లాగి ఫోన్ తీశాను. చలికి వేలు ఆనించినా ఫోన్ పలకలేదు.

"అలాగే ఉంచమ్మా. ఒక్క నిమిషం."

చేప నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. హిమజ దాని కళ్లలోకి చూసింది.

"దానికి ఊపిరాడ్తాలేదు అంకుల్" అని, వంగి నీళ్లలో వదిలేసింది.

నా ఫోన్‌లో పడింది రెండు తడి చేతులు, కొంచెం సరస్సు. అంతే. కెరీర్ అంతా కళ్లముందే ఈదుకుంటూ వెళ్లిపోయింది.

గ్రాహం మాత్రం ఆమె వైపు మెచ్చుకోలుగా చూశాడు. టీ పోసి ఇస్తూ చెప్పాడు. ఈ చేప ఈ దేశానిది కాదట. వెనకటి రోజుల్లో ఎవరో గుడ్లను మంచులో పెట్టి, ఇంగ్లండ్ నుంచి ఓడల్లో తెప్పించారట. తమ ముత్తాత కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే స్కాట్లాండ్ నుంచి వచ్చాడట.

"ఇప్పుడు దీన్ని ఎక్కడిదని ఎవరూ అడగరా?" అంది హిమజ.

"అడగరు. మన చేపే అంటారు" అన్నాడు గ్రాహం. తర్వాత, "నువ్వేం చేస్తుంటావు?" అని అడిగాడు.

"కూరగాయలు సర్దుతాను" అని మాత్రమే చెప్పింది ఆమె.

నాకు కోపం వచ్చింది. "డ్యామ్ ఇంజనీరు. అటువంటి గేట్లు నడిపేది" అని డ్యామ్ వైపు వేలు చూపించాను. గ్రాహం డ్యామ్ వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు.

అంతలో వాయవ్యం నుంచి గాలి లేచింది. సరస్సు ఒక్కసారిగా తెల్లబడింది. అలలు పడవలోకి దూకుతుంటే గ్రాహం ఇంజన్ పట్టుకుని ఒడ్డుకు తిప్పాడు. హిమజ బకెట్టుతో నీళ్లు తోడి పోసింది. నేను నాకు తెలిసిన దేవుళ్లందరికీ లోకల్ ఎక్స్‌పీరియన్స్ ఉందో లేదో చూడకుండా మొక్కుకున్నాను. ఒడ్డున మహేంద్ర బూట్లతోనే మోకాలి లోతు నీళ్లలోకి వచ్చి పడవ ముక్కు పట్టుకున్నాడు.

"హిమా, ఏమీ కాలేదు కదా?"

"చేప పడింది" అంది ఆమె, తలంతా తడిసి, నవ్వుతూ. అతను ఆ నీళ్లలో అలాగే నిలబడిపోయాడు.

వెళ్లేముందు గ్రాహం ఆమె ఫోన్ నంబరు అడిగాడు. తన మేనల్లుడు డునెడిన్‌లో డ్యాముల కంపెనీలో పెద్ద హోదాలో ఉన్నాడట. ఒక మాట చెబుతానన్నాడు.

ఏ కంపెనీ అంటారా? అదే.

మళ్లీ అదే గది, అదే బల్ల. ఈసారి ఇంటర్వ్యూ చేసింది మేనల్లుడు. ఆ రోజు గాలి ఎంత వీచింది, చేప ఎంత పొడవుంది అని అడిగాడట. "మామయ్య చెప్పాడు, నీది నిబ్బరమైన చెయ్యట" అన్నాడట. మా టీమ్‌లో చక్కగా ఇముడుతావని అక్కడే చెప్పేశాడట.

కాబట్టి పాఠకులారా, నా సిద్ధాంతం రుజువైంది. గాలం వేశాం, ఉద్యోగం పడింది. గిట్టనివాళ్లు మాత్రం ఒక మాట అంటున్నారు. మూడోసారి ఇచ్చిన సీవీ, మొదటిసారి ఇచ్చిన సీవీ ఒకటేనట. అందులో ఒక్క అక్షరం కూడా మారలేదట. అంత చదువు, అంత పనితనం తెచ్చుకున్న మనిషిని ఒక ముసలాయన చెబితే గాని చూడలేకపోయారే అంటున్నారు. అసూయ. ఇంకేముంటుంది?

హిమజ కర్నూలుకు రాజీనామా పంపించేసింది. క్రిస్మస్‌కు ముందు, ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే నాకు ఫోన్ చేసింది.

"ఈ దినం డ్యామ్ మీదికి తీసుకుపోయినారు అంకుల్. గేటు కింద ఒక చోట నీళ్లు కారకుండా వేసే రబ్బరు సీలు అరిగింది చూపించినా. మా బాస్ చాలా సంతోషపడినాడు. నీలాంటోళ్ల కోసం ఎప్పట్నించో వెతుకుతాండాం, ఇన్ని దినాలు యాడున్నావని అడిగినాడు."

"ఏం చెప్పావు?"

"ఈ ఊర్లోనే ఉన్నా, మీరు కూరగాయలు కొనేచోట అని చెప్పినా. జోక్ అనుకున్నాడో ఏమో, నవ్వినాడు."

"నువ్వో?"

"నేను నవ్వలేదు అంకుల్."