ఎక్కడికీ పోని బస్తా

అరవై ఏళ్ల వయసు, గోదాం నిండా బియ్యం, కింద కూర్చుంటే లేవనివ్వని రెండు కాళ్లు. ఆ పొద్దున గోదావరిఖని బియ్యం వ్యాపారి కామరాజు చేతిలో ఉన్న పెట్టుబడి ఇంతే. "కండ కరిగిపోతోంది, బరువులు ఎత్తండి. నాలుగు కాలాల పాటు ఒకరి సాయం లేకుండా తిరుగుతారు" అని డాక్టరు చెప్పాడు. జిమ్‌కు డబ్బు కట్టి ఇనుము ఎత్తడం కామరాజు లెక్కకు అందలేదు. బరువు తన ఇంట్లోనే దొంతరలుగా పడి ఉంది.

దుకాణం తెరవగానే పాతిక కిలోల బస్తా ఒకటి గడప దగ్గరికి ఈడ్చి, నడుము దాకా లేపి దించాడు. మళ్లీ లేపాడు. అప్పుడే హమాలీ సంపత్ వచ్చాడు.

"జరుగు సేటూ, నేనేస్త. యాడికి?"

"ఎక్కడికీ కాదయ్యా. ఇక్కడే."

"ఇక్కడికెల్లి ఇక్కడికా?"

"ఒంటికి మంచిదట. నువ్వెళ్లి టీ తాగు."

సంపత్ టీ తాగలేదు. సేటు హమాలీలను మానిపించేందుకు ఒక బస్తాతో చెయ్యి అలవాటు చేసుకుంటున్నాడని సంఘంలో చెప్పాడు. బొగ్గు ఊళ్లో సంఘం లేని పని ఉండదు. కాసేపటికే హమాలీలంతా మేస్త్రీ రఘుపతి వెంట వచ్చి అరుగు మీద కూర్చున్నారు. కామరాజు మర్యాదకు అందరికీ టీ చెప్పాడు. తప్పు ఒప్పుకున్నాడని వాళ్లు జమ కట్టారు.

"గా బస్తా ఎందుకు లేపినవ్ సేటూ?" అన్నాడు రఘుపతి.

"ఆరోగ్యానికయ్యా. బరువు ఎత్తితే ఎక్కువ కాలం బతుకుతారట."

"గట్లయితే మా తాత ఇంకా ఉండాలె."

"సరే, గా బస్తా ఏ గోదాంకు పోతది?" అడిగాడు సంపత్.

"ఎక్కడికీ పోదని చెప్పాగా."

"పోని బస్తాను లేపినోన్ని మేమెన్నడు చూడలె. ఏందో దాస్తున్నవ్."

ఇంతలో బియ్యం లారీ వచ్చి ఆగింది. ఒక్కరూ లేవలేదు. ఓపెన్‌కాస్టు గని మట్టిగుట్టల మీదికి మబ్బు దిగుతోంది. లారీ మీది టార్పాలిన్ నిండా చిరుగులే. సంగతి విని భార్య మాణిక్యాంబ పరుగున వచ్చింది.

"ఈయన మంచం పట్టుకుని గానీ లేవలేరు బాబూ. మీ పని ఏం లాక్కుంటారు?"

కామరాజుకు పౌరుషం వచ్చింది. అందరి ముందూ బస్తా ఎత్తి చూపించాడు.

"లేవలేనోడు గట్ల లేపుతడా అమ్మా?" అన్నాడు రఘుపతి. ఇప్పుడు అబద్ధాల ఖాతాలో మాణిక్యాంబ కూడా చేరింది.

మొదటి చినుకు పడింది. కామరాజు మొగుడూపెళ్లాల పరువు సంగతి వదిలేసి, లారీలోని సరుకు సంగతి చూశాడు.

"ఏం చేస్తే దించుతారు?"

"సంఘంలో లేనోడు బస్తా ముట్టొద్దు. గంతే."

"అయితే నన్నూ చేర్చుకో."

సేట్లను చేర్చుకోవద్దని సంఘం ఎన్నడూ అనుకోలేదు, ఆ అవసరం రాలేదు కాబట్టి. రఘుపతి కాసేపు తికమకపడి ఒప్పుకున్నాడు. బియ్యం తడవకుండా గోదాం చేరింది. ఇక తన బస్తా తన ఇష్టమని కామరాజు ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

తెల్లారి బస్తా మీద చెయ్యి వేయగానే సంపత్ ఆపాడు.

"అది ముట్టకు కామరాజన్నా. సంఘంల చేరినంక మేస్త్రీ పంపిన కాడికే పోవాలె."

"ఎక్కడికి?"

సంపత్ రోడ్డు అవతలికి చూపించాడు. అక్కడ కామరాజు గిరాకీని సగం గుంజుకున్న ఋషికేశ్ బియ్యం దుకాణం ముందు నిండు లారీ ఆగి ఉంది.

"నేను రానంటే?"

"రేపు నీ లారీ ఎవలు దించుతరన్నా?"

కామరాజు లెక్క వేసుకున్నాడు. ఎటు తిప్పినా పోక తప్పదనే తేలింది. తువ్వాలు తలకు చుట్టుకుని రోడ్డు దాటాడు.

వానకాలం గడిచేసరికి డాక్టరు అతని కాళ్లూ చేతులూ పట్టి చూసి, మందులు సగానికి తగ్గించాడు. కండ కామరాజుకు, సరుకు ఋషికేశ్‌కు జమ అయ్యాయి.