ఏజెంటుకు అందని కాషన్ ఆర్డర్

బిలాస్‌పూర్ నెహ్రూ నగర్‌లోని అణుదర్శన కేంద్రం, ఇచ్చిన కాగితాన్ని చివరిదాకా చదివే ఉద్యోగిని ఈ ఏడాదే మొదటిసారిగా నియమించుకుంది. ఆ ఉద్యోగి మనిషి కాకపోవడం ఎవరికీ వింతగా తోచలేదు.

పేరు ఏజెంట్. కంప్యూటర్లో ఉంటుంది. ‘ఈ ప్రోటీన్‌ని కొంచెం తిప్పి, ఎర్రరంగు వెయ్యి’ అని మామూలు మాటల్లో చెబితే చాలు, అణువుల బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లోంచి తగిన పనిముట్టు ఏరుకుని తనే ఆ పని చేసేస్తుంది. ఏ పనిముట్టు ఎందుకో మాత్రం దానికి రాసిపెట్టాలి. రాసింది రాసినట్టు నమ్ముతుంది. రాసినవారి కులం అడగదు, సిఫార్సు చూడదు.

ఆ రాసే పని సౌభాగ్యది. తోర్వా నుంచి స్కూటీ మీద వచ్చిపోయే కాంట్రాక్టు ఉద్యోగిని. మార్చి నెలాఖరుకు కాంట్రాక్టు అయిపోతుంది. పొడిగింపు కాగితం డైరెక్టర్ జానకిరామ్‌గారి బల్ల మీద ఆరు వారాలుగా విశ్రాంతి తీసుకుంటోంది.

నలభై ఒక్క పనిముట్ల గురించి ఓపిగ్గా రాసిన సౌభాగ్య, ‘డిలీట్’ దగ్గర ఇలా రాసింది: ‘అణువైనా, అక్షరమైనా, ఫైలులోంచే పోతుంది. తిరిగి రాదు. వాడేముందు మనిషిని అడుగు.’

జానకిరామ్‌గారు ఎర్రకలం తీశారు.

“పోతుంది, రాదు... ఏంటమ్మా ఈ అపశకునపు మాటలు? ప్రారంభోత్సవానికి పెద్దలొస్తున్నారు.”

“ఇది చదివేది పెద్దలు కాదు సార్, ఏజెంట్.”

“అయితే మరీ మంచిది. దానికీ మన సంస్కారం అలవడాలి.”

ఆ మూడు వాక్యాలూ కొట్టేసి, ‘దేన్నైనా శుభ్రంగా, శోభాయమానంగా చేయును’ అని స్వహస్తాలతో రాశారు. సౌభాగ్య బల్ల మీది పొడిగింపు కాగితాన్ని చూసి, అలాగే టైపు చేసింది.

ఇంట్లో ఈ సంగతి చెబితే, రైలింజను నడిపి రిటైరైన తండ్రి పైడిరాజు చేతిలోని టీ గ్లాసు కింద పెట్టాడు.

“అచ్ఛా! ముందర పట్టా బాగునేదని డ్రైవరుకి కాషన్ ఆర్డరు రాసిచ్చి, సంతకం తీసుకుని మరీ బండి ఒగ్గుతారు. మీవోడు ఆ కాయితమే సింపేసినాడా?”

“సింపలేదు నాన్నా, అందంగా మార్చారు.”

“ఏటైనా అయితే ఎంక్వైరీలో తప్పు ఎవుడిదని రాస్తారో తెలుసా తల్లీ? డ్రైవరుది. ఆడు బతికుంటే ఆడిది. నేకపోతే మరీ ఆడిది.”

ప్రారంభోత్సవం వైభవంగా జరిగింది. దిలీప్ అనే పరిశోధక విద్యార్థి నాలుగేళ్ళు కూర్చుని కట్టిన ప్రోటీన్ బొమ్మ తెర మీద మెరుస్తోంది. జానకిరామ్‌గారు మైకు అందుకున్నారు. “యంత్రానికి సంస్కారం నేర్పిన తొలి కేంద్రం మనదని సవినయంగా మనవి చేస్తున్నాను! ఏజెంట్, అతిథుల కోసం ఈ తెరను శుభ్రంగా, శోభాయమానంగా చెయ్యి!”

చేసింది. తెర తెల్లగా, మచ్చలేకుండా తేలింది. అణువు కంటికి కనపడదని చిన్నప్పుడు చదువుకున్నవాళ్ళే కనుక అతిథులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. దిలీప్ కూడా లేచి నిలబడ్డాడు కానీ చప్పట్లకి కాదు. ఫైళ్ళకు రెండో కాపీ దాచాలన్న సౌభాగ్య సూచన అప్పటికింకా డైరెక్టరుగారి పరిశీలనలోనే ఉంది.

విచారణకు త్రిసభ్య సంఘం వేశారు. విషయం అందరికంటే బాగా తెలిసినవారు కనుక జానకిరామ్‌గారే అధ్యక్షులు. సభ్యులకు తీరిక లేక నివేదిక రాసే పని ఏజెంటుకే అప్పగించారు. అది పాత ప్రతులన్నీ చదివి అర నిమిషంలో రాసింది: ‘డిలీట్ గురించిన హెచ్చరికను డైరెక్టర్‌గారు కొట్టివేశారు. రచయిత్రి దాన్ని మొదటే రాసి ఉన్నారు.’

తెర మీద ఆ వాక్యం చూసి సౌభాగ్య గట్టిగా ఊపిరి పీల్చుకుంది. ఆ కేంద్రంలో తను రాసింది ఒకరు చదివినట్టు రుజువు దొరకడం అదే మొదలు. ఉద్యోగం నిలిచిందనుకుంది.

జానకిరామ్‌గారు కూడా చూశారు, తన హోదా వచ్చిన చోటిదాకా. “భాష మరీ మొరటుగా ఉంది. ఏజెంట్, ఈ నివేదికను శుభ్రంగా, శోభాయమానంగా చెయ్యి.”

ఏ పనిముట్టు వాడాలో ఏజెంటుకు బాగా తెలుసు.

ప్రింటరులోంచి వచ్చిన తెల్లకాగితం మీద సభ్యులు ముగ్గురూ ‘చదివి ఆమోదించడమైనది’ అని స్టాంపు వేసి సంతకాలు చేశారు. నివేదిక ప్రకారం తప్పెవరిదీ కాదు. అయినా ఎవరో ఒకరి మీద చర్య తీసుకోకపోతే బాగుండదు. ఏజెంటు ఖరీదైనది, డైరెక్టర్‌గారు పర్మనెంటు. సౌభాగ్య పొడిగింపు కాగితం సంతకం లేకుండానే వెనక్కి వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండా ఆ ఉద్యోగానికి కొత్త ప్రకటన వెలువడింది. తొమ్మిదో షరతు: ‘ఇకపై జరగబోవు పొరపాట్లన్నిటికీ ఈ ఉద్యోగి ముందుగానే బాధ్యత వహించవలెను.’ నూట పన్నెండుమంది ‘షరతులన్నీ చదివి అర్థం చేసుకున్నాను’ అన్న మాట కింద సంతకం పెట్టి పంపారు. సౌభాగ్య ఒక్కతే తొమ్మిదో షరతు పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. దరఖాస్తు అసంపూర్ణంగా ఉందని తిప్పి పంపేశారు.

ఆ నూట పన్నెండుమందిని చూసి మీరేమీ నవ్వనక్కర్లేదు. నిన్న ఫోన్లో ఏదో యాప్ దించుకుంటూ, సరిగ్గా అదే మాట మీద మీరూ వేలు నొక్కారు.