అధ్యక్షుల వారి డిస్కు

రికార్డుల భద్రతా కార్యాలయంలో ప్రసంగాలు, సమావేశాలు దాచిన డిస్కుల ఆయుష్షు పెంచాలని, అందుకు కావలసిన ఏళ్ళను సిబ్బంది ఆయుష్షులోంచి సర్దాలని సోమవారం ఉత్తర్వులొచ్చాయి. మంగళవారం సర్దుబాటు మొదలైంది. ఎవరూ నోరెత్తలేదు. జీతంలో కోత ఉండదని అందులో స్పష్టంగా రాశారు మరి.

పరాంకుశం అక్కడ డిస్కులు తుడిచే సీనియర్ అసిస్టెంటు. డిస్కును గుండ్రంగా తుడవకూడదు. నడిమి కంత నుంచి అంచుదాకా తిన్నగా తుడిచి, చీకటిగదిలో ఏసీ కింద నిలబెట్టాలి. ఆయన నెత్తిమీది ఫ్యాను మాత్రం ఏనాడో ఆగిపోయింది. ఆయన పదేళ్ళు రాసిస్తే అవి మంచినీటి సమావేశం డిస్కుకు ఎక్కాయి.

"కన్యాకుమారి తీసుకెళ్తానన్నారు కదండీ, రిటైరయ్యాక?" అంది భార్య వకుళ.

"ఇంకా మిగిలాయిలేవే."

మర్నాడు పక్కసీటు చిదానందం పదిహేనేళ్ళిచ్చి, అధ్యక్షుల వారి షష్టిపూర్తి ప్రసంగం డిస్కు కొట్టేశాడు. డైరెక్టర్ గారు శాలువా కప్పారు. పరాంకుశానికి ఒళ్ళు మండిపోయింది. నిన్నగాక మొన్న చేరినవాడు, ఇప్పటికీ గుండ్రంగా తుడిచేవాడు, వాడి ఏళ్ళు అధ్యక్షుల వారికా! ఆ పూట ఆయనకు అన్నం సయించలేదు. అసలు ఆ డిస్కులు ఆడించే యంత్రమే ఆఫీసులో లేదు. అది వేరే శాఖ పని కనక ఎవరూ పట్టించుకోలేదు.

మధ్యాహ్నం తిన్నగా డైరెక్టర్ గదికి వెళ్ళాడు.

"అంతకంటే ఎక్కువిస్తే ఆ ప్రసంగం నా పేర మారుస్తారా సార్?"

"రూల్లో వీలుంది. ఎన్నిస్తారు?"

"ఉన్నవన్నీ."

డైరెక్టర్ గారు గడియారం చూశారు. "అయిదింటిదాకా ఉంచుకోండి. ఆఫీసు వేళలో పోతే సెలవు చీటీ పెట్టాల్సొస్తుంది."

పరాంకుశం వినయంగా దణ్ణం పెట్టి సంతకం చేశాడు. నాలుగింటికి అందరినీ పిలిచారు. చిదానందం భుజం మీంచి శాలువా తీసి పరాంకుశానికి కప్పారు. చిదానందం ఏళ్ళను మంచినీటి డిస్కుకు మార్చారు. వాడి మొహం మాడిపోవడం పరాంకుశం కళ్ళారా చూశాడు. పుట్టి బుద్ధెరిగాక అంత హాయి ఆయన ఎరగడు.

శాలువాతోనే సీటుకొచ్చి ఇంటికి ఫోన్ చేశాడు.

"వకుళా, అధ్యక్షుల వారి డిస్కు నాకే ఇచ్చారే. ఉన్నవన్నీ రాసిచ్చేశాను. అయిదింటిదాకా ఉంటానట."

అవతల ఆమె ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"ఏమండీ," అంది గొంతు సర్దుకుని, "చిదానందం గారి పెళ్ళానికి తెలిసిందా?"